గుఱిపందెములు - పాత టెలివిజను కథలు



"గుఱి" యను మాట మన తెలుగున రెండర్థములలో వాడుకయందున్నది. విలుకాడు బాణమును దేనిపై నిలుపునో యది గుఱి. "ఆయనమీద నాకు గుఱి కుదిరినది" యన్నప్పుడు నమ్మకము గుఱి. ఒకే మాట కంటికిని మనస్సునకును చెందియున్నది. నేడు నేను మనవి చేయబోవు వినోదములో ఈ రెండర్థములును కలిసియున్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వేలకొలది జనులు సెలవుదినములందు కౌబాయిల వేషము ధరించి, పాతకాలపు తుపాకులతో ఉక్కుపలకలను కొట్టి యానందింతురు. దీనికి కౌబాయి యాక్షను షూటింగు అని పేరు. కౌబాయి గుఱిపందెమని మనము పిలుచుకొందము. తుపాకి కాల్చుటయు నొక వినోదమేనా యని కొందఱు సందేహింపవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. దానిని చివర విచారింతము. ముందుగా విషయస్వరూపమును తెలిసికొందము.

ఈ పందెమునకు మూలము చరిత్రగ్రంథములలో కంటె టెలివిజను కథలలో నెక్కువగా కలదు. ఇంకను వెనుకకు పోయినచో రేడియో కథలలో కలదు. రేడియోలో మాటాడుచున్న నాకు ఈ సంగతి చెప్పుట సంతోషముగా నున్నది. "లోన్ రేంజరు" అను ముసుగువీరుని కథ 1933లో డెట్రాయిటు నగరపు రేడియో కేంద్రమునందు పుట్టినది. 1949లో టెలివిజనున కెక్కి 1957 వఱకు నడచినది. ఆ వీరుడు వెండిగుండ్లు వాడును. కాని చంపవలెనని యెవ్వరిని కాల్చడు. దుష్టుని చేతిలోని యాయుధమును మాత్రము ఎగురగొట్టును. "గన్ స్మోక్" అను కథ 1952లో రేడియోలో మొదలై, 1955లో టెలివిజనులోనికి వచ్చి, 1975 వఱకు, అనగా ఇరువది యేండ్లు, 635 భాగములుగా సాగినది. "బొనాంజా" 1959 మొదలు 1973 వఱకు నడచినది. 1959 ప్రాంతమున అచ్చటి టెలివిజనులో సాయంకాలపు వేళ ఇట్టి కథలు ఇరువదికి పైగా నడచుచుండెడివి. రాత్రి భోజనమైన తరువాత ఇంటిల్లిపాదియు ఒక చిన్న పెట్టె ముందు చేరి నలుపు తెలుపుల బొమ్మలు చూచెడివారు.

అందులో మన విషయమునకు మిక్కిలి దగ్గఱగా నున్న కథ "ది రైఫిల్ మాన్". ఇది 1958 మొదలు 1963 వఱకు 168 భాగములుగా వచ్చినది. కథానాయకుడు లూకస్ మెకెయిన్, భార్యను పోగొట్టుకొన్నవాడు. మార్క్ అను చిన్న కొడుకుతో బ్రతుకు వెదకికొనుచు ఒక క్రొత్త యూరికి వచ్చును. 1958 సెప్టెంబరు 30వ తేదీన ప్రసారమైన మొదటి భాగము పేరు "ది షార్ప్ షూటర్". దానిని వ్రాసినవాడు, తరువాత చలనచిత్ర దర్శకుడుగా ప్రసిద్ధికెక్కిన సామ్ పెకిన్ పా. ఆ యూర నొక గుఱిపందెము జరుగుచుండును. గెలిచినచో వచ్చు సొమ్ముతో తండ్రీకొడుకులకు నొక పొలము కొనుటకు వీలగును. లూకసును మించిన గుఱికాడు అచ్చట లేడు. అయితే ఆ యూరి పెత్తందారు, "నీవు గెలిచితివా, నీ కొడుకు దక్కడు" అని బెదరించును. ఆ తండ్రి తెలిసి తెలిసి గుఱి తప్పించి యోడిపోవును. కథకు మొదటి నాడే నాయకుని యోటమి! గుఱి కొట్టగలవాడు కొట్టకుండుట యెంత కష్టమో, ఎప్పుడు కొట్టరాదో తెలియుట యెంత గొప్పయో ఆ యరగంటలో పిల్లలకు బోధపడినది. దీనిని చూచిన పిల్లలలో ననేకులు ఇప్పుడు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధులు.

ఆ కథలోని తుపాకిని గుఱించి యొక ముచ్చట. నాయకుడు వాడునది వించెస్టరు కంపెనీ 1892వ సంవత్సరపు నమూనా. కథాకాలమో 1880 తరువాతి యేండ్లు. అనగా ఇంకను పుట్టని తుపాకితో నాయకుడు దుష్టుల నెదుర్కొనుచున్నాడన్నమాట! దాని క్రిందిభాగమున చేతితో ముందుకు నెట్టి వెనుకకు లాగెడి పెద్ద కడియము వంటి మీట యుండును. ఆ మీటయందు ఒక మఱను బిగించుటచేత, మీట మూతపడినంతనే ట్రిగ్గరు తనంతట నొక్కబడి గుండు పేలెడిది. నాయకుని వేగమునకు సగము కారణము ఆ చిన్న మఱయే. పండితులు తప్పుపట్టవచ్చును గాని, చూచిన పిల్లలకు తప్పు కనబడలేదు.

ఈ కథల బలము తెఱమీదనే యాగలేదు. కోల్టు కంపెనీవారు 1873 నాటి తమ ప్రసిద్ధమైన రివాల్వరును రెండవ ప్రపంచయుద్ధకాలమున చేయుట మానివేసిరి. టెలివిజను కథలు చూచి జనులు దానికొఱకు ఎగబడగా 1956లో మఱల చేయసాగిరి. రూగరు అను మఱియొక కంపెనీవారు 1953లోనే ఆ పాతరూపున క్రొత్త రివాల్వరును విడుదల చేసి యుండిరి. ఒక నాటకము చూచి జనులు వేషగాని కిరీటము కావలెనని కంసాలి యింటికి పరుగెత్తినట్లయినది.

అయితే కిరీటము తలకు నొప్పి చేయదు. తుపాకి ప్రాణము తీయును. 1954లో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫారమ్ అను వినోదస్థలమున డీ వూలెమ్ అను సాహసనటుడు, ఒఱనుండి తుపాకిని ఎవరు వేగముగా దీయుదురో చూచు పందెమును నడపెను. ఆ సరదా దేశమంతట వ్యాపించినది. టెలివిజను వీరునివలె తటాలున తుపాకి దీయబోయి, అది ఒఱలో నుండగనే పేల్చుకొని, తొడలకును పాదములకును గాయములు చేసికొన్నవారు పలువురు. తెఱమీది తుపాకిలో గుండు లేదు. ఇంటిలోని తుపాకిలో కలదు. ఈ భేదమును మఱచినందుకు చెల్లించిన వెల యది. పిమ్మట తెలివిగలవారు మైనపు గుండ్లతో ఆడ నారంభించిరి.

ఈ యనుభవమంతయు వెనుక నుండగా 1980 తరువాతి తొలి యేండ్లలో కాలిఫోర్నియాయందలి కోటో డి కాజా అనుచోట కొందఱు మిత్రులు కౌబాయి గుఱిపందెమును మొదలుపెట్టిరి. 1987లో సింగిల్ యాక్షను షూటింగ్ సొసైటీ యను సంఘ మేర్పడి దీనికి నియమములు కల్పించినది. "సింగిల్ యాక్షను" అనగా, ఒక్కొక్కసారి కాల్చుటకు ముందు రివాల్వరు వెనుక నున్న చిన్న సుత్తిని బొటనవ్రేలితో వెనుకకు లాగవలెను. అట్లు లాగనిదే ట్రిగ్గరు నొక్కినను పేలదు. పందెగానికి ఇట్టి రివాల్వరులు రెండు, పిస్తోలు తూటాలతో పనిచేయు మీటతుపాకి యొకటి, పెద్ద షాట్ గన్ ఒకటి కావలెను. ఇవి యన్నియు పందొమ్మిదవ శతాబ్దపు నమూనాలై యుండవలెను. అసలువే కానక్కఱలేదు, పోలికగా నేడు చేసినవైనను చాలును.

పందెము జరుగు తీరిది. ఒక మైదానమున ఎత్తైన మట్టికట్ట ముందు, కొయ్యతో చేసిన బ్యాంకు ముంగిలియో, పానశాల ద్వారమో, రైలుపెట్టెయో నిలుపుదురు. అదియొక రంగస్థలము. పందెగాడు చిన్న మాట నొకదానిని నాటకఫక్కిలో పలుకగా, గడియారయంత్రము కూయును. అంతట రివాల్వరులతో పది, మీటతుపాకితో సుమారు పది, షాట్ గన్ తో మఱికొన్ని గుండ్లు చెప్పిన వరుసలో కాల్చవలెను. గుండు తగిలినచో ఉక్కుపలక గంటవలె మ్రోగును. ఆ మ్రోతయే బహుమానము. యంత్రము చివరి గుండు చప్పుడువఱకు కాలమును లెక్కించును. తప్పిన ప్రతి గుండునకు ఐదు సెకండ్లు, వరుస తప్పినచో పది సెకండ్లు కలుపుదురు. ముగ్గురు సాక్షులు తప్పులు లెక్కింతురు. ఇద్దఱు చెప్పినదే ప్రమాణము. సందేహము కలిగినచో లాభము పందెగానికే చెందును. ఈ ధర్మము న్యాయస్థానములకును తగియున్నది.

గురుతులు పెద్దవి, దగ్గఱవి. రివాల్వరు పలకలు సాధారణముగా పది గజముల లోపలనే యుండును. ఒలింపిక్సు పందెములలో పదిమీటర్ల దూరమునుండి అరమిల్లీమీటరు చుక్కను కొట్టవలెను. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సున కాంస్యపతకము గెలిచినది ఆ గాలితుపాకి పందెమునందే. అది తపస్సు. ఇదియో జాతర. వృద్ధులును, స్త్రీలును, బాలురును తమ తమ వయస్తరగతులలో నాడుటకు వీలుగా దీనిని సులభము చేసియున్నారు.

ఇందు వేషము తప్పనిసరి. పేరును తప్పనిసరియే. సంఘమున చేరు ప్రతివాడును కౌబాయి కాలమునకు తగిన మాఱుపేరు నొకదానిని పెట్టుకొనవలెను. ఒకరి పేరు మఱియొకరికి కూడదు. పల్లెలలో రైతుగా, పట్నములలో వైద్యుడుగా నున్నవాడు ఆ మైదానమున ఆ పేరుతోనే పిలువబడును. వేషములలో నొక తరగతి పాత సినిమా, టెలివిజను కౌబాయిలదే. జరీపూల చొక్కాయ, చిత్రములు చెక్కిన బూట్లు, మెఱయు కంటెల నడికట్టు - చిన్ననాడు పెట్టెలో చూచిన దానిని ముసలితనమున ఒంటిపై ధరింతురు. "ఆట యొక్క యాత్మ" యను నొక నియమమును వారు అన్నిటికంటె పైన నుంచిరి. నియమములలోని సందులు వెదకి గెలువజూచువాడు గెలిచినను ఓడినట్లే యని దాని భావము.

ఇక జాగ్రత్తల సంగతి. ఈ పందెమునకు ప్రాణ మిచ్చట నున్నది. తుపాకి నింపుటకు వేఱు బల్ల, దించుటకు వేఱు బల్ల. రెంటికడను చూచువా డుండును. ఆఱు అఱల రివాల్వరులో ఐదు మాత్రమే నింపి, సుత్తిని ఖాళీ యఱపై నుంచవలెను. గొట్టపు కొన గుఱివైపే యుండవలెను. ప్రక్కకు తిరిగినచో ఆ యంకము రద్దగును. నింపిన తుపాకిని చేజార్చినవాని నానాటి పందెమునుండియే వెడలగొట్టుదురు. కండ్లకు అద్దములు, చెవులకు కప్పులు ఆడువారికేకాక చూచువారికిని కావలెను. కథలో వీరునికి లేని నియమము లన్నియు ఆటలో నున్నవి. అందుచేతనే ఆట నిలిచినది.

ఇప్పుడు మొదటి సందేహమునకు వచ్చెదను. ఈ కథలు చెప్పిన పడమటి దేశము నిజమైన పడమటి దేశము కాదు. పశువులు దోలిన కౌబాయిలలో నాలుగింట నొకవంతు వఱకు నల్లవారని చరిత్రకారుల యంచనా. తెఱపై వారు కనబడలేదు. ఆ నేలయందలి మూలవాసులను తఱచు శత్రువులుగనే చూపిరి. డాడ్జి సిటీవంటి యూళ్లలో తుపాకి ధరించి తిరుగరాదని శాసన ముండెడిది. ప్రసిద్ధమైన టూంబ్ స్టోను కాల్పులు, 1881 అక్టోబరు 26న, సుమారు ముప్పది సెకండ్లలో ముగిసి ముగ్గురిని బలిగొన్నవి. అవి రేగుటకు నట్టి శాసనమును అమలుపఱచ బోవుటయే యొక కారణము. కావున ఆ పాతకాలము బంగారుకాలమని నమ్మరాదు. అమెరికాలో నేటికిని తుపాకులవలన నెన్ని యిండ్లు దుఃఖించుచున్నవో లోకమెఱుగును. ఆటకు తుపాకి చేపట్టువాడు దానిని పిల్లలకందకుండ తాళమువేసి యుంచుట ఆటలో భాగమే. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టముచేత అనుమతిపత్రము లేనిదే ఇట్టి తుపాకి యుండరాదు. అది మంచిదే యని నా యభిప్రాయము.

అయినను ఆ వృద్ధులు వెదకునది తుపాకినా? కాదని నాకు తోచుచున్నది. మన సంగతియే చూడుడు. 1971లో కె.యస్.ఆర్. దాసు దర్శకత్వమున కృష్ణ కౌబాయి వేషము వేసిన "మోసగాళ్ళకు మోసగాడు" చిత్రమును చూచి మురిసిన తెలుగువా రెందఱు లేరు! 1987లో రామాయణము, 1988లో మహాభారతము దూరదర్శనములో వచ్చునప్పుడు ఆదివారపు టుదయమున వీధులు నిర్మానుష్యము లయ్యెడివి. నేను ఉపాధ్యాయుడుగా నుండిన పాఠశాలకు సోమవారమునాడు పిల్లలు వెదురుబద్ద విల్లులతో, చీపురుపుల్లల బాణములతో వచ్చెడివారు. ఒకరి కన్ను మఱియొకరు పొడుతురను భయముచే విల్లులు లాగికొనుట సులభము. నే నట్లు చేయక, పుల్లల కొనలకు గుడ్డపీలికలు చుట్టించి, గోడపై సుద్దతో వలయములు గీచి, వరుసలో నిలిపి కొట్టించితిని. మనుష్యునిపై విల్లెత్తినవానికి ఆనాడు ఆట లేదు. పదిదినములలో వారే యొకరినొకరు సరిదిద్దుకొనసాగిరి. 2020లో ఆ రామాయణమును మఱల ప్రసారము చేసినప్పుడు, నాటి బాలురు తమ బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూచిరి.

పాత కథను ప్రేమించువాడు ఆ కథతోపాటు ఆ గదిని, ఆ ప్రక్కన కూర్చున్న తండ్రిని, అప్పుడు తనకు కుదిరిన గుఱిని ప్రేమించును. మంచి గెలుచునని పసివానికి కుదిరిన నమ్మక మది. పెద్దవాడై అది యెల్లప్పుడు నిజము కాదని తెలిసికొన్నవాడును, ఉక్కుపలక మ్రోగినప్పుడు ఒక్క నిమిషము దానిని మఱల పొందును. పొందనిండు. పలక పలకగా, కథ కథగా నుండునంతకాలము అందు దోషము లేదు. పలకకు బదులు మనుష్యుడు నిలిచినచో, అప్పుడు లూకస్ మెకెయిన్ చేసినట్లు గుఱి తప్పించుటయే నిజమైన గుఱితన మగును.