ప్రాణాలు కాపాడేవారికీ విరామం అవసరం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవలు ఆరంభమయ్యాయి. క్షతగాత్రులకు దారిలోనే ప్రథమ చికిత్స అందిస్తూ ఆసుపత్రికి చేర్చే బాధ్యత వాహనంలోని ఈఎంటీ, పైలట్‌లదే.

పిలుపు అందిన క్షణంలోనే వారి శరీరం అప్రమత్తమవుతుంది. మూత్రపిండాలపైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కొద్ది నిమిషాలకు కార్టిసాల్ హార్మోను అధికమై, రక్తంలో చక్కెరను పెంచి శక్తినిస్తుంది. ఆపద వేళ ఈ స్పందన మేలే చేస్తుంది.

అయితే, బాధితుడిని ఆసుపత్రిలో అప్పగించిన వెంటనే ఈ ఉద్రేకం చల్లారదు. కార్టిసాల్ సాధారణ స్థాయికి చేరేందుకు గంటకు పైగా పట్టవచ్చు. ఈలోగా మరో పిలుపు వస్తే శరీరం కోలుకోకుండానే మళ్లీ పరుగందుకుంటుంది. రాత్రి విధులు నిద్రనూ దెబ్బతీస్తాయి. ఏళ్ల తరబడి ఇదే కొనసాగితే అధిక రక్తపోటు, నిద్రలేమి, అజీర్తి, చిరాకు తలెత్తే అవకాశముంది. ఇది మనోధైర్యం కొరవడటం కాదు, దేహధర్మం.

విషాద ఘటనల అనంతరం కొంత విరామం, సహచరులతో మనసు విప్పి మాట్లాడే అవకాశం, వరుస రాత్రి విధులకు పరిమితి అవసరం. అలసిన సిబ్బంది మందు మోతాదులో పొరబడినా, స్టీరింగు వద్ద కునుకు తీసినా ప్రమాదం రోగికే.