కోటలోని కళాశాలకు శాసనమే పునాది

గద్వాల కోట ద్వారము దాటి లోనికి పోయినవారికి, చెన్నకేశవస్వామి ఆలయముతోపాటు అదే ప్రాకారములో, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు ధరించిన ప్రభుత్వ డిగ్రీ కళాశాలయు కానవచ్చును. కవిపండితుల సన్మానములతో ‘విద్వద్గద్వాల’ యని వాసికెక్కిన ఆ చోటనే నేడు రైతుబిడ్డలు పుస్తకముల సంచి భుజమున తగిలించుకొని తరగతులకు నడచుచున్నారు. వనపర్తిలో సంస్థానాధీశుల ప్రాసాదమే 1959లో పాలిటెక్నిక్ అయినది. నాగర్‌కర్నూలులో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది.

ఈ మూడు ఊళ్ల విద్యార్థుల పత్రములను ఒక పీటపై ప్రక్కప్రక్కన పరచి చూడుడు. గద్వాల విద్యార్థి డిగ్రీపట్టా శిరోభాగమున కోట పేరుండదు, పాలమూరు విశ్వవిద్యాలయము పేరుండును. వనపర్తి పాలిటెక్నిక్ విద్యార్థికి వచ్చునది పట్టా కాదు, రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి యిచ్చు డిప్లొమా. నాగర్‌కర్నూలు వైద్యవిద్యార్థి పట్టాపై ఉండవలసినది వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయము పేరు. చదువు చెప్పినది ఒకరు, ముద్ర వేయునది వేరొకరు. ఈ భేదమునకు మూలము భవనములలో లేదు, శాసనములో ఉన్నది.

రాజులనాడు శాసనమనగా రాతిపైనో రాగిరేకుపైనో చెక్కిన మాట. దానమిచ్చినవారెవరో, పుచ్చుకొన్నవారెవరో, దాని ఎల్లలెంతవరకో అందే తెలియుచుండెను. ప్రజాప్రభుత్వమున ఆ మాటయే శాసనసభకు సంక్రమించినది.

అధికారము ఎవరిది?

విద్యపై శాసనము చేయు అధికారమును మన రాజ్యాంగము పంచిపెట్టినది. విశ్వవిద్యాలయమును నెలకొల్పుట రాష్ట్రజాబితాలోని 32వ అంశము. ఉన్నతవిద్య ప్రమాణములను నిర్ణయించుట కేంద్రజాబితాలోని 66వ అంశము. 1976 నాటి 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాకు చేరినది. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘము (యూజీసీ) చట్టము 22వ విభాగము ప్రకారము, కేంద్ర లేక రాష్ట్ర చట్టముచే ఏర్పడిన విశ్వవిద్యాలయమునకును, అట్టి దానితో సమానమని కేంద్రము ప్రకటించిన డీమ్డ్ సంస్థకును, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థకును తప్ప ఇతరులకు పట్టాలిచ్చు హక్కు లేదు. కేంద్ర లేక రాష్ట్ర చట్టముచే ఏర్పడని సంస్థ తన పేరులో ‘యూనివర్సిటీ’ అను మాటను పెట్టుకొనుటను 23వ విభాగము నిషేధించినది.

కళాశాల యనునది వేరు. దానికి ప్రభుత్వానుమతియు, విశ్వవిద్యాలయముతోనో రాష్ట్ర సాంకేతిక మండలితోనో అనుబంధమును కావలెను. పాలిటెక్నిక్ అయినచో 1987 చట్టముతో ఏర్పడిన అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఆమోదము, వైద్యకళాశాలయైనచో 2019 చట్టముతో ఏర్పడిన జాతీయ వైద్య కమిషన్ అనుమతి అవసరము.

ఈ మూడు ఊళ్లున్న మన పాలమూరు సీమ చరిత్రయే ఈ క్రమమునకు సాక్షి. ఉస్మానియా విశ్వవిద్యాలయము నిజాము ఫర్మానాతో 1918లో పుట్టినది. ప్రభువు నోటిమాటయే నాడు దానికి ఆధారము. 1959లో శాసనసభ దానికి చట్టమును కల్పించినది. చిరకాలము ఆ ఉస్మానియాకే అనుబంధముగానున్న ఈ సీమ కళాశాలలకు, 1991 నాటి విశ్వవిద్యాలయముల చట్టము క్రింద 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయము సొంత ఇల్లయినది. హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయము కొరకైతే 1973లో రాజ్యాంగమునే సవరించి 371-ఇ అధికరణమును చేర్చిరి. ఆ మరుసటి యేడు పార్లమెంటు చట్టము చేసినది.

శాసనము సడలినచోట

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2002లో చేసిన ఒక చట్టము, కేవలము ప్రకటనతోనే ప్రైవేటు విశ్వవిద్యాలయములకు ప్రాణము పోసినది. తగిన భవనములు గాని బోధకులు గాని లేకుండగనే వందకు పైగా సంస్థలు పుట్టుకొనివచ్చినవి. ఆచార్య యశ్‌పాల్ న్యాయస్థానమునకెక్కగా, సుప్రీంకోర్టు 2005లో ఆ చట్టములోని కీలక విభాగములను కొట్టివేసినది. రాష్ట్రమునకు సంస్థను పుట్టించు అధికారమున్నను, ప్రమాణములను కూలద్రోయు అధికారము లేదని ఆ తీర్పు సారాంశము. కావున శాసనమున్నంత మాత్రమున చాలదు, అది విద్యను కాపాడు శాసనము కావలెను.

పేరు మార్చవలెనన్నను శాసనమే శరణ్యము. 1985లో చట్టముతో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరము ప్రతాపరెడ్డి పేరు పెట్టుటకై తెలంగాణ శాసనసభ 2025లో సవరణ చేయవలసివచ్చినది. గద్వాల సీమలో పుట్టి, 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ఆ మహనీయుని పేరు శాసనము ద్వారానే విశ్వవిద్యాలయమునకు చేరుట ఎంతయు ఉచితము.

రెండెకరాల పొలము కుదువబెట్టి బిడ్డను చదువుకు పంపు తండ్రి అడుగవలసినవి మూడు ప్రశ్నలు: ఈ సంస్థ ఏ చట్టముతో ఏర్పడినది? పట్టా ఎవరి పేర వచ్చును? అనుబంధము ఏ సంవత్సరము వరకు ఉన్నది? పూర్వము దానశాసనమును పొలిమేరనో గుడిముంగిటనో నిలిపెడివారు, దారినపోవు వాడును చదువుకొనుటకు. ఈ మూడు ప్రశ్నల సమాధానములను ప్రతి కళాశాల తన ద్వారమునొద్ద పెద్ద అక్షరములతో, తెలుగులో, అట్లే నిలుపవలెను.