కోత రేకు నుండి అచ్చుపోతకు: 'టీ చెస్ట్' అక్షరముల నిర్మాణము

రేకునందు గాని దళసరి కాగితమునందు గాని అక్షరాకృతిని కోసి, దానిని పెట్టెపై నానించి కుంచెతో రంగు పూసినచో, కోసిన మేర రంగు దిగి అక్షర మేర్పడును. ఇట్టి కోత పలకకు స్టెన్సిలు అని వాడుక. చేతిపనికై పుట్టిన యీ రూపము తరువాత లోహపు అచ్చులలోనికిని ప్రవేశించినది. అవసరము తీరిన పిదపను ఆకార మేల నిలిచినది? ఈ ప్రశ్నను విచారించుటకై, 1939లో ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున స్టీఫెన్‌సన్ బ్లేక్ అచ్చుపోత సంస్థ వెలువరించిన 'టీ చెస్ట్' అను అచ్చును ఉదాహరణముగా గ్రహించుచున్నాము. తుదకు తెలుగు లిపికి ఈ పద్ధతి యెట్లు పొసగునో సూచింతుము.

మొదట స్టెన్సిలు లక్షణమును తెలిసికొనవలెను. రోమను లిపియందలి 'ఓ' అక్షరమును రేకున చుట్టును కోసినచో నడిమి ముక్క ఊడి పడిపోవును. అక్షరమునకు మారు నల్లని మచ్చ మాత్రము మిగులును. 'ఎ', 'బి', 'డి', 'పి', 'ఆర్' మొదలగు వానికిని ఇదియే గతి. కావున నడిమి ముక్కను చుట్టుపట్ల రేకుతో కలుపు సన్నని పట్టీలను కోయక విడుతురు. వీనిని 'వంతెన'లందము. రంగు పూసినపుడు వంతెన లున్న చోట్ల తెల్లని తెగుళ్లు కనబడును. 'సి' వంటి అక్షరమున ఊడిపడు ముక్క లేదు. అయినను దాని నడుమ నాలుకవలె చొచ్చుకొని వచ్చిన రేకు వంగి పైకి లేచి, రంగు క్రిందికి ప్రాకును. అందుచే అచ్చటను వంతెన మేలు.

లోహపు అచ్చులో ఊడిపడు ముక్కయే లేదు గనుక వంతెనతో పని లేదు. అయినను ఇరువదవ శతాబ్దియందు అచ్చు రూపకర్తలు దీనిని బుద్ధిపూర్వకముగా స్వీకరించిరి. జర్మనీయందు జోసెఫ్ ఆల్బర్స్ చతురస్రము, త్రిభుజము, వృత్తపాదము మున్నగు కొలది ఆకృతులతోనే అక్షరములను కూర్చెను. పాల్ రెన్నర్ రచించిన 'ఫ్యూచురా బ్లాక్' 1929లో వెలువడెను. 1937లో అమెరికాయందు రాబర్ట్ హంటర్ మిడిల్టన్, గెర్రీ పావెల్ అను నిరువురు వేర్వేరు సంస్థలకై 'స్టెన్సిల్' అను నొక్క పేరుతోనే రెండు అచ్చులను రచించిరి. ఆ రెంటను పెద్దక్షరములును అంకెలును మాత్రమే కలవు.

రాబర్ట్ హార్లింగ్ రచించిన 'టీ చెస్ట్' వీనికంటె ఇరుకైనది. దాని పేరే దాని పుట్టుకను తెలుపుచున్నది. భారతదేశమునుండియు సింహళమునుండియు ఓడలపై లండనుకు పోయిన తేయాకు పెట్టెలపై తోట పేరు, ఆకు తరగతి, పెట్టె సంఖ్య, తూకము స్టెన్సిలుతో గుర్తించుట వాడుక. పలక వెడల్పు పరిమితము, వ్రాయవలసినది పెక్కు. కావున అక్షరము ఇరుకు కావలసి వచ్చును. గరుకు చెక్కపై సన్నని గీత చెదరును. రేవునందు కూలీలు దూరమునుండి గుర్తింపవలెను. కావున గీత లావు కావలసి వచ్చును. లావును ఇరుకును కలిసిన యీ రూపము అలంకారముగా గాక అవసరముగా పుట్టినదని దీనిచే తెలియుచున్నది.

అయితే ఈ రెండు గుణములు పరస్పర విరుద్ధములు. గీత లావైన కొలది, అక్షర మిరుకైన కొలది లోపలి తెలుపు సన్నగిలును. తుదకు వంతెన వెడల్పును లోపలి తెలుపు వెడల్పును సమానమగును. అపుడు 'ఓ' నడుమ తలనుండి పాదము వరకు ఒకే తెల్లని చీలిక ఏర్పడి, అక్షరము రెండు నల్లని దిమ్మలుగా విడిపోవును. చదువరి ఆ రెంటిని మనస్సున కలుపుకొనవలెను. రెండక్షరముల నడిమి యెడమును ఆ చీలికంతయే ఉన్నచో, ఒక అక్షరపు కుడి దిమ్మ తరువాతి దాని యెడమ దిమ్మతో కలిసి భ్రాంతి గొలుపును. కావున ఈ రెండు తెలుపులకు భేదము స్పష్టముగా నుండవలెను. ఇట్టి అచ్చు నాలుగు మాటల శీర్షికకు, ప్రకటన పత్రమునకు, సరకు పెట్టెపై చీటికి తగును. పుట నిండ కూర్చినచో కన్నులు అలసిపోవును.

ఇక తెలుగు సంగతి. మన లిపియందు 'ర', 'ఠ', నిండుసున్న మొదలగునవి మూసికొనిన వలయములు గలవి. వీనికి వంతెన తప్పదు. కాని రోమను పద్ధతిని అనుసరించి సున్నను నిలువున చీల్చినచో ఎడమ సగము అరసున్నను తలపించును. అరసున్న గల ప్రాచీన కావ్యముల పేళ్లను అట్లు ముద్రించినచో ఏది నిండు, ఏది అర యని సందేహము కలుగును. 'వ'కారమున తలకట్టు ఒడలితో అంటియుండును; 'ప'కారమున విడిగా నుండును. 'వ'లో ఆ సంధిస్థానముననే వంతెన నుంచినచో 'వ' 'ప' యగును. 'వాడి' 'పాడి'గా మారును. రోమనులో తెగులు ఆకృతిని మాత్రమే మార్చును. తెలుగున అది అర్థమునే మార్పగలదు. మరియు వత్తులు క్రిందికి దిగుటచే మన వరుసకు ఎత్తు ఎక్కువ కావలెను. అక్షరము నిరుకు చేసి వెడల్పున పొందిన లాభము ఎత్తున కొంత నష్టపడును.

కావున తెలుగునకు ఇట్టి అచ్చును రచింపబూనువారు వంతెనల స్థానమును జ్యామితి ననుసరించి గాక, వర్ణముల పరస్పర భేదము ననుసరించి నిర్ణయింపవలెను. సున్నకు వంతెనలను ఏటవాలుగా నుంచుట, 'వ'కారమున తలకట్టు సంధిని ముట్టకుండుట ఇందుకు తొలి నియమములు కాదగును. ఏ తెగులు చదువరి ఓర్చుకొనును, ఏ తెగులు అక్షరమును చంపును అను వివేకము లిపి నెరిగిన వారికే సాధ్యము. నేడు అక్షరములు లోహమున గాక కంప్యూటరున రూపొందుచున్నను ఈ వివేకమున కవసరము తగ్గలేదు. చేతి కుంచెకు రేకు విధించిన హద్దులు నేడు లేవు. లిపి విధించు హద్దులు మాత్రము నిలిచియే యున్నవి.