మాంట్‌పెలియర్ గుట్ట

డబ్లిన్ నగరమునకు దక్షిణమున నున్న కొండల వరుసలో మాంట్‌పెలియర్ అను గుట్ట కలదు. ఎత్తు 383 మీటర్లే యగుటచే తీరికగా నడచినను గంటలోపల కొనకు చేరవచ్చును.

దారికిరువైపుల దట్టముగా నిలిచిన చెట్లను చూచిన పరదేశి, ఇది అనాదిగా మానవహస్తము సోకని అరణ్యమని తలపోయుట సహజము. కాని సేద్యమునకును, ఓడలకును, ఇనుప కొలుములకును తరతరములుగా నరికివేయగా, 20వ శతాబ్దారంభమునకు ఐర్లండులో అడవి నూటికి ఒక పాలు మాత్రమే మిగిలినది. 1904లో ప్రభుత్వము విక్లో ప్రాంతమందలి అవాన్‌డేల్ ఎస్టేటును గైకొని వనవిద్యకు నెలవు చేసినది మొదలు నాటగా నాటగా, నేడది సుమారు పదకొండు పాళ్లయినది.

అట్లు నాటినవానిలో ప్రధానమైనది ఉత్తర అమెరికా పడమటి తీరమునుండి తెచ్చిన సిట్కా స్ప్రూస్. చల్లగాలియు, ఎడతెగని వానయు, పస లేని తడినేలయు దానికి పుట్టింటనే అలవాటు గనుక, నలువది యేండ్ల లోపలనే కోతకు వచ్చును. రెమ్మనొకదానిని దగ్గరగా చూడుడు: ఆకులన్నియు సూదులే, అడుగున నీలిచాయ తెల్లని చారలు, గట్టిగా పట్టితిమా అరచేత దిగబడును. ఏడాది పొడవునను ఆకు రాల్చి మోడువారని ఆ చెట్ల క్రింద వెలుతురు లేక గడ్డియైనను మొలవదు; రాలిన సూదులును నాచును పరచుకొన్న నేలపై మన యడుగుల చప్పుడు మనకే వినబడదు. ఆ చీకటి దాటి బయటపడగానే ముండ్ల గోర్స్ పొదలు పసుపుపచ్చని పూలతో ఎదురగును. ఎండ కాసిన పూట వానినుండి అచ్చముగా కొబ్బరి వాసన వచ్చును. అంత దూరదేశమున తెలుగువాని కంతకంటె ప్రియమైన పలకరింపు వేరొకటి యుండునా!

కొనపై శిథిలమైన రాతికట్టడము, ఐరిష్ కామన్సు సభాపతి విలియం కొనొలీ 1725 ప్రాంతమున కట్టించిన వేటవిడిది. ప్రాచీన సమాధి రాళ్లను పెకలించి కట్టినందున సైతాను ఆగ్రహించి తుపానులో పైకప్పును ఎగురగొట్టెనని జనులు చెప్పుకొందురు. సైతాను మాట యెట్లున్నను, సమాధి మాట నిజము: 2016లో జరిగిన త్రవ్వకములందు నవీన శిలాయుగపు సమాధి ఆనవాళ్లును, చెక్కడపు గీతలు గల రాయియు బయల్పడినవి.

డబ్లిన్ కొండలలోని కొన్ని వనములందు ఇప్పుడు స్ప్రూస్ తీసిన చోట ఓక్, బర్చ్ మొదలగు దేశీయ వృక్షములను పెంచుచున్నారు. ఇది మిక్కిలి మెచ్చదగిన పని యని నా నమ్మకము. ఏలయన ఆకురాల్చు చెట్ల క్రింద, వసంతమున క్రొత్త చిగురు దట్టము కాకముందే ఎండ నేలకు దిగును, ఆ కొద్ది వారములలోనే అడవిపూలు పూయును.