పట్నంలో రవీంద్రభారతి - పల్లెలో మల్లన్న పట్నం

హైదరాబాదు పోయి వచ్చిన వారిని ఏమేమి చూశారని అడిగితే చార్మినార్, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం అని చెబుతారు. రవీంద్రభారతి పేరు చెప్పేవారు తక్కువ. శాసనసభ దగ్గర బస్సులో దాని ముందునుంచే వెళ్లినా, లోపల అడుగు పెట్టి ఉండరు. కాని ఆ కళామందిరంతో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు చుట్టరికం ఉంది.

నూరేళ్ల పండుగకు కట్టినది

విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి 1961లో వచ్చింది. ఆ సందర్భంగా పలు రాష్ట్రాల రాజధానులలో కళామందిరాలు తలపెట్టారు. కలకత్తాలో రవీంద్ర సదన్, బెంగుళూరులో రవీంద్ర కళాక్షేత్రం అలా వెలిసినవే. హైదరాబాదులో రవీంద్రభారతిని 1961 మే 11న అప్పటి ఉపరాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. నమూనా గీసినది మహమ్మద్ ఫయాజుద్దీన్. నాటకమైనా, నాట్యమైనా, కవుల సభ అయినా అక్కడ జరిగితే గౌరవమన్న పేరు నాటినుంచీ నిలిచింది.

అక్కడ మనవారు

ఆ భవనంలోనే పైడి జయరాజ్ పేరిట ఒక చిన్న సినిమా థియేటర్ ఉంది. ఆయన కరీంనగర్‌లో 1909లో పుట్టి, బొంబాయి వెళ్లి, మూకీల కాలంనుంచే హిందీ చిత్రాలలో కథానాయకుడైనారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు.

రవీంద్రభారతిలో ఎన్నో సభలకు అధ్యక్షత వహించిన డాక్టర్ సి.నారాయణరెడ్డిది వేములవాడ దగ్గరి హన్మాజీపేట. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ అదే ఊరు. ఒకరు కలం పట్టారు, ఒకరు ఒగ్గు పట్టారు.

తెల్లవార్లు సాగే కథ

ఒగ్గు అంటే శివుని చేతి డమరుకం. పల్లెలో ఒగ్గుకథ చెప్పించాలంటే ముందు పసుపు, కుంకుమ, పిండి రంగులతో నేలమీద పెద్ద ముగ్గు వేస్తారు. దానిని ‘పట్నం’ అంటారు. డోలు, తాళాలు మోగుతుండగా మల్లన్న కథో, బీరప్ప కథో తెల్లవార్లు సాగుతుంది. కథకుడు జనం ముఖాలు చూసి ఒకచోట కథ పెంచుతాడు, ఒకచోట కుదిస్తాడు.

రాజధాని వేదికమీద ఆ వీలు లేదు. కార్యక్రమాల జాబితాలో ఒక బృందానికి దొరికేది పావుగంటో అరగంటో. దీపాల వెలుగంతా వేదికమీదే. ఎదుట కూర్చున్నవారు చీకట్లో ఉంటారు. అరగంటలో డోలు దెబ్బ వినిపించవచ్చు కాని కథ ముగియదు.

ఆదిలాబాద్ గోండుల గుస్సాడీదీ అదే సంగతి. దీపావళి రోజులలో దండారి బృందాలు ఊరినుంచి ఊరికి విడిదికి పోతాయి. విందులు, మొక్కులు, బంధుత్వాలు అన్నీ అందులో భాగమే. వేదికమీదికి వచ్చేది నెమలి ఈకల టోపీ, అడుగులు మాత్రమే. మార్లవాయికి చెందిన కనకరాజు ఆ నృత్యాన్ని ఎందరికో నేర్పి 2021లో పద్మశ్రీ పొందారు. 2024లో కన్నుమూశారు.

పిలవవలసింది మనమే

రాజధానిలో శాలువా కప్పితే కళాకారునికి గౌరవమే, వద్దనేవారు లేరు. కాని శాలువాతో ఏడాది గడవదు. ఊళ్లో పిలిచి కథ చెప్పించే ఇళ్లు ఉంటేనే కొడుకు తండ్రి వెనుక డోలు పడతాడు. బోనాలకు డీజే పెట్టెలు తెప్పించే ఊళ్లు ఒక రాత్రి ఒగ్గు బృందాన్ని కూడా పిలవాలి. సాంస్కృతిక శాఖవారు మన జాతరలలో తెల్లవార్లు కథ సాగేలా బృందాలకు పారితోషికం ఇవ్వాలి.

పట్నంలో చప్పట్లు కొట్టేవారికి కొదువ లేదు. మల్లన్నకు పట్నం వేయించేవారు మాత్రం పల్లెలోనే ఉండాలి.