చక్రం మార్చాలా? బాగు చేయించాలా?



మన హాస్టల్ సైకిల్ వెనక చక్రం వంకర పోయిన సంగతి అందరికీ తెలిసిందే. కొత్త చక్రం కొనాల్సిందే అని ఒక పార్టీ. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే అదే దారికి వస్తుందని ఇంకో పార్టీ. కొంటే మన ఉమ్మడి డబ్బులు పోతాయి. కొనకుండా పాడు చక్రం మీద తిరిగితే ఎవరి పళ్ళు రాలుతాయో తెలీదు. కూరగాయలు వచ్చేది ఆ సైకిల్ మీదే, రాత్రి పూట చిన్నపిల్లలకి జ్వరం వస్తే ఆస్పత్రికి పోయేదీ దాని మీదే. అందుచేత ఈసారి గోడ పత్రికలో కథ రాయకుండా చక్రం గురించి రాస్తున్నాను. మా చిన్నాన్నకి సంత దగ్గర సైకిల్ షాపు ఉంది. సెలవులకి ఇంటికి పోతే నా మకాం అక్కడే. ఇందులో ఉన్నదంతా ఆ షాపులో నేర్చుకున్నదే.

ముందు ఎడ్లబండి చక్రం తలుచుకోండి. దాని ఆకులు లావుపాటి కర్రలు. బరువంతా కింద ఉన్న ఆకు మీద పడుతుంది, అది గుంజలాగ నిలబడి మోస్తుంది. సైకిల్ పుల్ల అలా మోయలేదు. ఒక విడి పుల్లని నేల మీద నిలబెట్టి పైనుంచి అరచేత్తో నొక్కితే విల్లులా వంగిపోతుంది. అదే పుల్లని రెండు కొసలా ఇద్దరు పట్టుకుని లాగితే ఏమీ కాదు. కాబట్టి సైకిల్ చక్రంలో పుల్లలన్నిటినీ లాగి బిగించి పెడతారు. మన నులక మంచం లాంటిదే అన్నమాట. నులక బిగువుగా ఉన్నంతసేపూ మంచం పట్టెలు కదలవు. ఒక పక్క నులక తెగితే మంచం కుక్కిమంచం అవుతుంది.

పుల్లలు తిన్నగా కాకుండా ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఎందుకు పోతాయని నాకు చాలా రోజులు అనుమానం. పెడల్ తొక్కినప్పుడు గొలుసు హబ్బుని తిప్పుతుంది, ఆ తిప్పుడు రిమ్ముకి అందాలి. పుల్ల తిన్నగా ఉంటే అంత బాగా అందదు, ఏటవాలుగా ఉంటే లాక్కుపోతుంది. ఇలా అల్లే పద్ధతికి ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ అనే ఆయన 1874లో పేటెంటు తీసుకున్నాడు. పాతరకం పెద్ద సైకిల్‌కి ముందు చక్రంలో 32 పుల్లలు, వెనక చక్రంలో 40 ఉంటాయి. బరువు వెనకే ఎక్కువ పడుతుంది, అందుకని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చక్రం వంకరగా తిరిగితే ఆ వంకర రెండు చోట్ల ఉండవచ్చు. పుల్లల బిగువులో ఉండవచ్చు, లేదా రిమ్ము ఇనుములోనే ఉండవచ్చు. మొదటిదైతే బాగవుతుంది. రెండోదైతే పుల్లలు ఎంత తిప్పినా లాభం లేదు. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, తగాదా అంతా అక్కడే వస్తోంది.

ఎలా కనిపెట్టాలంటే, సైకిల్ని తలకిందులు పెట్టండి. చక్రానికి రెండు పక్కలా ఉన్న ఫోర్కు కడ్డీకి ఒక చీపురుపుల్ల దారంతో కట్టండి, దాని కొస రిమ్ముకి తగిలీ తగలనట్టు ఉండాలి. చక్రం మెల్లగా తిప్పితే వంకర ఎక్కడుందో చీపురుపుల్లకి తగిలి తెలిసిపోతుంది. అక్కడ సుద్దతో గీత పెట్టండి. తర్వాత పుల్లల్ని ఒక్కొక్కటే వేలితో మీటండి. బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులుగా ఉన్నది టప్పుమని చచ్చిన మోత మోగుతుంది. గీత దగ్గరే వదులు పుల్లలు, తెగిన పుల్లలు దొరికాయంటే చాలా మటుకు తప్పు పుల్లలదే. అలా కాకుండా పుల్లలన్నీ బాగానే మోగుతూ చక్రం వంకరగా ఉంటే రిమ్ముని అనుమానించాలి. గీత దగ్గర నాలుగైదు పుల్లలు వదులు చేసి మళ్ళీ తిప్పి చూడాలి. వంకర తగ్గకపోతే ఇనుమే వంగిందని అర్థం. పూర్తిగా నమ్మకం కావాలంటే రిమ్ము విప్పి చదును గచ్చు మీద పడుకోబెట్టడమే. నేలకి అతుక్కోకుండా ఒక పక్క లేచి ఊగిందో, దాన్ని వదిలేయాలి.

పుల్లలదే తప్పయితే పని సులువే కానీ ఓపిక కావాలి. రిమ్ము ఎడమ పక్కకి వస్తే అక్కడ కుడి పక్క పుల్లలు బిగించి, ఎడమ పక్కవి కొంచెం వదలాలి. పుల్ల చివర ఉండే నిపిల్‌ని టైరు వైపు నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగినట్టు తిప్పితే బిగుస్తుంది. ఒకసారికి పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. ఆత్రపడి ఒక్క పుల్లనే నాలుగు చుట్లు తిప్పితే ఇక్కడ పోయిన వంకర ఇంకోచోట లేస్తుంది. తుప్పుపట్టిన నిపిల్‌కి ముందురోజు రాత్రే మిషను నూనె చుక్క వేసి ఉంచాలి. సుత్తి పార్టీ వాళ్ళు ఒకటి గమనించాలి. సుత్తి వేస్తే రిమ్ము అంచు సొట్టపడుతుంది, అప్పటిదాకా బాగున్న రిమ్ము కూడా చెడుతుంది.

వదులు పుల్లని పట్టించుకోకపోతే ఏమవుతుందంటారా? చక్రం తిరిగినప్పుడల్లా కిందికి వచ్చిన పుల్ల కాస్త సడలుతుంది, పైకి పోతూ మళ్ళీ బిగుస్తుంది. ఇనుప తీగని ఇటూ అటూ వంచి తెంపుతాం చూడండి, అలాగే హబ్బు దగ్గర వంపులో పుల్ల తెగుతుంది. పెద్ద చక్రం ఒక కిలోమీటరుకి సుమారు 450 చుట్లు తిరుగుతుంది. మనకి సంత పోను రాను ఎనిమిది కిలోమీటర్లు, అంటే 3,600 చుట్లు. ఒక పుల్ల తెగితే దాని బరువు పక్కవాటి మీద పడి అవీ తెగుతాయి.

కొత్తది కొనాల్సి వచ్చినా చక్రం మొత్తం కొనాలని లేదు. ఈ మాట మనవాళ్ళు ఎవరూ అనలేదు. హబ్బు బాగుంటే రిమ్ము ఒక్కటే మార్చవచ్చు. అదే సైజు, అన్నే బెజ్జాలు ఉన్న రిమ్ము తెచ్చి పాతదాని పక్కన ఆనించి కట్టి, పుల్లల్ని ఒక్కొక్కటే పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి మారుస్తారు. మా చిన్నాన్న అలాగే చేస్తాడు. ఇరుసు వంగినా, లోపలి గోళీలు అరిగినా అవి విడిగా దొరుకుతాయి. హబ్బు చెవులే పగిలితే తప్ప మొత్తం చక్రం కొనడం దండగ.

నిన్న సాయంత్రం ఆటల పీరియడ్‌లో మన సైకిల్ తలకిందులు పెట్టి చూశాను. వెనక చక్రంలో మూడు పుల్లలు తెగాయి, రెండు వదులు. అయిదూ గొలుసు పక్కవే. పళ్ళచక్రం కోసం ఆ పక్క చోటు వదలాలి కాబట్టి అటు పుల్లలు ఎక్కువ బిగువుగా ఉంటాయి, ముందు తెగేవీ అవే. మిగతావి బాగా మోగుతున్నాయి. గీత దగ్గర వదులు చేస్తే వంకర సగానికి పైగా పోయింది. కాబట్టి వెనక చక్రం కొనక్కర్లేదు. మూడు పుల్లలు వేసి బిగిస్తే సరిపోతుంది. పళ్ళచక్రం విప్పితేగాని ఆ పక్క పుల్ల దూరదు, అందుకే షాపులో చేయించాలి.

కానీ ముందు చక్రం సంగతి వేరు. అది తిన్నగానే తిరుగుతోంది, ఎవరూ దాని ఊసు ఎత్తలేదు. మట్టి తుడిచి చూస్తే రెండు నిపిళ్ళ దగ్గర రిమ్ము బెజ్జం చుట్టూ తుప్పు తిని, వెంట్రుక వాసిలో పగులు కనిపించింది. పగులుని బిగించి బాగు చేయడం కుదరదు, బిగించినకొద్దీ పెరుగుతుంది. వెనక చక్రం దారిలో కూలబడితే దిగి ఈడ్చుకుంటూ రావచ్చు. ముందుది కూలిందంటే తొక్కేవాడు హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. పైగా మనది దిగుడు దారి, వెనక క్యారేజీ మీద ఒక్కోసారి జ్వరం పిల్లాడు ఉంటాడు.

కాబట్టి వార్డెన్ సారుకి నా మనవి. ఉమ్మడి డబ్బులు ముందు చక్రం రిమ్ముకి ఖర్చు పెట్టండి. 32 బెజ్జాలది అని అడగాలి, 40ది తెస్తే పనికిరాదు. వచ్చే సంతకి పెద్ద తరగతి వాళ్ళం ఇద్దరం సైకిల్ని నడిపించుకుని తీసుకుపోతాం. అప్పటిదాకా దయచేసి ఎవరూ ఎక్కవద్దు. వంటమామ్మకి కూడా చెప్పాను, ఈ వారం కూరగాయలు మనమే వంతులేసుకుని మోసుకొద్దాం.

9వ తరగతి విద్యార్థి