55 కిలోల తేడా
హాలిఫాక్స్ నుంచి కేప్ బ్రెటన్ వెళ్లి, కాబట్ ట్రైల్ 298 కిలోమీటర్లూ చుట్టి రావాలని ఏళ్లనాటి కోరిక. సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్ టూరింగ్ బండ్లు చూస్తే చివరికి రెండు మిగిలాయి.

యమహా ఎఫ్‌జేఆర్ 1300కి చైన్ లేదు, షాఫ్ట్ డ్రైవ్. ఈ ఉప్పుగాలి ఊళ్లో అదో వరం. కానీ బరువు దాదాపు 290 కిలోలు. కవాసాకి నింజా 1000 ఎస్ఎక్స్ 235 కిలోలే. కాకపోతే చైన్ బండి.

కాగితం మీద యమహానే గెలిచింది. సరే అని స్నేహితుడి బండి అడిగి తీసుకున్నా. సిటడెల్ కొండ నుంచి రేవుకి దిగే వీధిలో, ఎర్రలైటు దగ్గర ఆపితే వాలుకి కాలు వణికింది. వెనక మా ఆవిడ. పరుగులో తెలియని బరువు, నిలబడితే తెలుస్తుంది.

నింజాయే తీసుకుంటున్నా. మా నాన్న ప్రతి ఆదివారం రాజ్‌దూత్ చైన్‌కి నూనె పెట్టేవారు. ఆ పని నాకూ వచ్చు.